"ఏఐ ఉండగా వాతావరణ శాఖ ఎందుకు?" అంటున్న మెసేజ్‌కి జవాబు

వారం రోజులుగా మా ఊరి వాట్సాప్ గ్రూపులోనూ, చుట్టాల గ్రూపులోనూ ఒకటే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "గూగుల్ ఏఐ ఒక్క నిమిషంలో పది రోజుల వాతావరణం చెప్పేస్తోంది. మనవాళ్లు మాత్రం రాడార్లు, బెలూన్లు, సూపర్ కంప్యూటర్లంటూ కోట్లు తగలేస్తున్నారు. చెప్పేదంతా తప్పే. కొత్త టెక్నాలజీ జోలికే పోరు. శాఖ ఎత్తేయండి, ఫోన్లో యాప్ చాలు."

బాపట్ల జిల్లాలో ఐదెకరాలు కౌలుకు చేసే మా బాబాయి కూడా దీన్ని నాకు పంపాడు. ఇది నమ్మితే నష్టపోయేది ఆయనే. అందుకే ఒక్కో మాటా పట్టుకుని జవాబు రాస్తున్నాను.

"ఒక్క నిమిషంలో చెప్పేస్తోంది." ఇది నిజం. గూగుల్ డీప్‌మైండ్ వాళ్ల గ్రాఫ్‌కాస్ట్ అనే ఏఐ మోడల్ 2023లో వచ్చింది. పది రోజుల అంచనాను నిమిషంలోపే ఇస్తుంది, చాలా అంశాల్లో యూరప్ వాతావరణ కేంద్రం మోడల్ కన్నా మెరుగ్గా ఇచ్చింది. అయితే అది దేన్ని చూసి నేర్చుకుంది? 1979 నుంచి 2017 దాకా ప్రపంచమంతా కొలిచిన ఉష్ణోగ్రతలు, గాలులు, పీడనాల రికార్డును చూసి. ఆ రికార్డును తయారుచేసింది కూడా అదే యూరప్ కేంద్రం, భౌతిక సూత్రాలతో లెక్క కట్టే పాత పద్ధతి మోడల్‌తోనే. నేర్చుకోవడం అయిపోయాక కూడా అంతే. రేపు ఎలా ఉంటుందో చెప్పాలంటే ఈ క్షణం గాలి ఎక్కడ ఎలా ఉందో ఎవరో ఒకరు కొలిచి ఇవ్వాలి. ఆ కొలత లేకుండా ఏఐ ఒక్క గంట ముందుకు కూడా లెక్క కట్టలేదు.

కాబట్టి "రాడార్లు, బెలూన్లు దండగ" అన్న మాట ఇక్కడే వీగిపోతుంది. విశాఖ, మచిలీపట్నం, హైదరాబాద్ లాంటి చోట్ల నుంచి బెలూన్లు ఎగరేస్తారు. వాటికి కట్టిన చిన్న పెట్టె పైకి పోతూ పోతూ దారి పొడవునా వేడి, తేమ, గాలి ఎంతో రేడియోలో పంపుతుంది. 2024 ఫిబ్రవరిలో మన శ్రీహరికోట నుంచే ఇన్శాట్-3డీఎస్ ఉపగ్రహం వెళ్లింది. 2020లో కోవిడ్ వల్ల విమానాలు ఆగిపోతే, విమానాల నుంచి వచ్చే కొలతలు తగ్గిపోయి ప్రపంచంలోని పెద్ద పెద్ద వాతావరణ కేంద్రాలే కంగారు పడ్డాయి. కొలిచేవాళ్లను తీసేసి ఏఐని ఉంచుకుంటామనడం, బావి పూడ్చేసి మోటారు ఉంచుకుంటామన్నట్టే.

"చెప్పేదంతా తప్పే." నాకు ఎక్కువ బాధ కలిగించిన మాట ఇది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో దాదాపు పది వేల మంది పోయారు. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్‌లోనూ దాదాపు అంతే. అదే ఒడిశా తీరాన్ని 2013లో ఫైలిన్ తుఫాను తాకినప్పుడు, ముందే లక్షల మందిని ఖాళీ చేయించడం వల్ల చనిపోయినవాళ్ల సంఖ్య వందలోపే. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. అది నెల్లూరు, మచిలీపట్నం మధ్య వస్తుందని ముందే చెప్పారు. చేలో పనలు పనలుగానే తడిసి నష్టం జరిగింది, కాదనను. కానీ తుఫాను చెప్పకుండా వచ్చిందని మా ఊళ్లో ఒక్కరూ అనలేదు.

మరి రోజువారీ వాన సంగతేమిటి? బులెటిన్‌లో మాటలను మనం సరిగ్గా చదవం. "ఒకటి లేదా రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని వర్షమాన కేంద్రాల్లో పాతిక శాతం లోపు చోట్ల అని అర్థం. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం. "భారీ వర్షం" అన్నా ఊరికే వాడే మాట కాదు, 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన పడాలి. నాలుగు ఊళ్లలో మూడు ఊళ్లకు చుక్క రాకపోయినా "ఒకటి రెండు చోట్ల" అన్నమాట నెగ్గినట్టే. వాన పడని ఊరివాళ్లు మెసేజ్ పెడతారు. పడిన ఊరివాళ్లు పనిలో ఉంటారు.

"కొత్త టెక్నాలజీ జోలికే పోరు." ఇది శుద్ధ తప్పు. వాతావరణ మోడళ్లు భూమిని గడులుగా విడగొట్టి లెక్క కడతాయి, గడి ఎంత చిన్నదైతే అంచనా అంత వివరంగా ఉంటుంది. 2025 మే 26న మొదలైన మన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 12 కిలోమీటర్ల గడులను 6 కిలోమీటర్లకు తెచ్చింది. పుణేలోని అర్క సూపర్ కంప్యూటర్ మీద అది నడుస్తోంది. అదే ఏడాది ఖరీఫ్‌కి కేంద్ర వ్యవసాయ శాఖ ఏఐ మోడళ్లతో వేసిన రుతుపవనాల అంచనాను దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు పంపింది. యూరప్ కేంద్రం కూడా 2025 ఫిబ్రవరిలో తన ఏఐ మోడల్‌ను రోజువారీ పనిలోకి తెచ్చింది, పాత మోడల్‌ను మాత్రం ఆపలేదు. రెండూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

"యాప్ చాలు." దీనికి జవాబు మా బాబాయి కళ్ళంలోనే ఉంది. కిందటి వేసవిలో మొక్కజొన్న ఆరబోశాడు. ఫోన్లో ఒక యాప్ రోజంతా ఎండ బొమ్మ చూపించింది. సాయంత్రం నాలుగింటికి పడమర నల్లబడి, అరగంటలో సుడిగాలితో వాన దంచేసింది. బరకాలు ఇంట్లో ఉన్నాయి. కుప్ప అడుగున నీళ్లు నిలిచి గింజ మొలకెత్తింది. "ఎండే అంది కదరా" అని ఆయన ఫోన్ చూపిస్తుంటే నాకు నోట మాట రాలేదు. గ్రాఫ్‌కాస్ట్ గడి దాదాపు 28 కిలోమీటర్లు. మా మండలం మీద లేచిన ఒక్క క్యుములోనింబస్ మేఘం, అంటే ఉరుముల మేఘం, దానికి ఆనదు. దాన్ని పట్టేది రాడార్, దాన్ని చూసి మూడు గంటల హెచ్చరిక ఇచ్చేది వాతావరణ శాఖ. తుఫాన్ల విషయంలో కూడా ఇలాంటి ఏఐ మోడళ్లు దారిని బాగా పడతాయి కానీ గాలి తీవ్రతను తక్కువ చేసి చూపిస్తాయి. తీరంలో ఉండేవాళ్లకు ఆ తేడా ప్రాణాల మీదకొస్తుంది.

శాఖను తప్పుపట్టాల్సినవి లేవనడం లేదు. 2024లో దేశవ్యాప్తంగా 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను మూసేశారు. అంచనాను రైతు భాషలోకి మార్చి చెప్పే మనుషులు వాళ్లే. పోట్లాడాల్సింది దాని మీద. ఆ సంగతి ఏ మెసేజ్‌లోనూ కనపడలేదు.

"మరి నన్నేం చూడమంటావురా?" అని అడిగాడు బాబాయి. పొద్దున్నే అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్, మబ్బు పడితే మచిలీపట్నం రాడార్ బొమ్మ, మంగళ, శుక్రవారాల్లో వాతావరణ శాఖ మేఘదూత్ యాప్‌లో వచ్చే పంట సలహా చూడమన్నాను. రాడార్ లింకు ఆయన ఫోన్లో మొదటి పేజీలోనే పెట్టిచ్చాను. బరకాలు మాత్రం కళ్ళం దగ్గరే ఉంచమన్నాను.