ఎనిమిదింటికి లైట్లు ఆరే ఇల్లు

మా చిన్నికి రెండున్నరేళ్లు. దాన్ని రాత్రి ఎన్నింటికి పడుకోబెట్టాలన్న దానిమీద మా ఇంట్లో నాలుగు అభిప్రాయాలున్నాయి. ఐదోది చిన్నిది. దాన్నెవరూ అడగలేదు.

గొడవకి మూలం తెనాలి. మొన్న వేసవిలో పదిహేను రోజులు నానమ్మ దగ్గర ఉండి వచ్చింది. అక్కడ మధ్యాహ్నం ఎండకి తలుపులేసుకుని నాలుగింటి దాకా నిద్ర. రాత్రి డాబా మీద పక్కలు, పక్క డాబా వాళ్లతో కబుర్లు, మామిడి టెంకలు. పదకొండు దాటాక ఎవరి పక్క దగ్గరగా ఉంటే ఆ పక్కలో వాలిపోవడం. నిజాంపేటలోని మా ఫ్లాటుకి తిరిగొచ్చేటప్పుడు ఈ అలవాటుతో పాటు నానమ్మనీ తాతయ్యనీ కూడా వెంట తెచ్చుకుంది.

మా ఆవిడది ఎనిమిది గంటల పార్టీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పిన లెక్క ప్రింటు తీసి ఫ్రిజ్ మీద అంటించింది. ఏడాది నుంచి రెండేళ్ల పిల్లలకి 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకి 10 నుంచి 13 గంటలు నిద్ర ఉండాలని. మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. ఎదురుగా అంకెలు కనబడితే ఆగలేరు. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "ఇది పగటి నిద్ర కూడా కలిపి కదమ్మా" అన్నారు.

"అవును మామయ్యగారూ."

"మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు దాకా మూడు. రాత్రి పదకొండు నుంచి ఏడు దాకా ఎనిమిది. మొత్తం పదకొండు. రెండున్నర అంటే, దగ్గరి అంకెకి సవరిస్తే మూడు. మూడేళ్లకి పది చాలు. ఒక గంట మిగులు కూడా ఉంది."

మా ఆవిడ ఆ పక్కనే ఉన్న మాట చూపించింది. రోజూ ఒకే వేళకి పడుకోవాలి, ఒకే వేళకి లేవాలి అని. ఈసారి అమ్మ అందుకుంది. "రోజూ పదకొండింటికే కదే పడుకుంటోంది! అంతకంటే వేళ పాటించడం ఏముంటుంది?"

నిజం చెప్పాలంటే నాన్నకి ఈ విషయంలో సొంత కక్ష ఒకటుంది. న్యూజెర్సీలో మా చెల్లెలు కొడుకుని ఏడున్నరకల్లా పడుకోబెట్టేస్తుంది. జూన్‌లో అక్కడ ఎనిమిదిన్నర దాకా పొద్దు గుంకదు, అయినా సరే నల్ల కర్టెన్లు కట్టి చీకటి చేసి మరీ. అక్కడ ఏడున్నర అంటే వేసవిలో మనకి తెల్లవారుజాము ఐదు. నాలుగింటికే లేచి, స్నానం చేసి, విభూతి పెట్టుకుని, ట్యాబ్ ముందు కూర్చున్న తాతయ్యకి రోజూ దొరికేది "ఇప్పుడే పడుకున్నాడు నాన్నా" అన్న మాటే. "ఇంకో పావుగంట ఉంచితే కొంపలేం మునిగిపోవు" అని ఆయన గొణుక్కునేది చిన్ని గురించి కాదని నాకు తెలుసు.

నా అభిప్రాయం అంటారా? రాత్రి తొమ్మిదికి అమెరికా వాళ్లతో నాకు కాల్ ఉంటుంది. ఆలోపు ఎన్నింటికైనా పర్లేదు.

చివరికి మా ఆవిడే గెలిచింది. వెలుతురుంటే నిద్ర తెప్పించే మెలటోనిన్ సరిగ్గా ఊరదని చెప్పి ఎనిమిదికల్లా లైట్లు ఆర్పించింది. ఏడున్నర తర్వాత కుక్కర్ విజిల్ వేయకూడదు. కాలింగ్ బెల్ బ్యాటరీ తీసేసింది. టీవీ పెట్టుకోవచ్చు గానీ సౌండ్ ఉండకూడదు. పది రోజులుగా అమ్మ తన సీరియల్‌ని మూగసినిమాలా చూస్తోంది. "ఆ కోడలు ఇప్పుడు తిట్టిందంటారా, దణ్ణం పెట్టిందంటారా?" అని నాన్న చెవిలో అడుగుతుంది. ఆయన మొహాలు చూసి అర్థం చెబుతారు. సాయంత్రం పూట చిన్నికి బొమ్మతో శిక్షణ కూడా నడిచేది. బొమ్మని పడుకోబెట్టాలి, దుప్పటి కప్పాలి, లైటు తీసెయ్యాలి, తలుపెయ్యాలి, పెదాల మీద వేలు పెట్టి "ష్" అనాలి. రోజూ రెండుసార్లు.

అన్నిటికన్నా కఠినమైనది ఏడుపు రూలు. పిల్ల లేచి గొడవ చేసినా వెంటనే లోపలికి పరిగెత్తకూడదు. మూడు నిమిషాలు ఆగాలి. తర్వాత ఐదు. ఆ తర్వాత పది.

మొన్న మంగళవారం చిన్నిని పడుకోబెట్టే డ్యూటీ నాది. ఫోన్ గదిలో ఉండకూడదు కాబట్టి హాల్లో చార్జింగ్‌కి పెట్టి వెళ్లాను. చీకటి, ఏసీ చల్లదనం, వీపు మీద దెబ్బలు. దాని వీపు మీద నావి, నా వీపు మీద దానివి. అది నన్ను చూసి నేర్చుకుంది. ఒక రాజు, రాజుకి ఏడుగురు కొడుకులు అని మొదలుపెట్టాను. మూడో కొడుకు దాకా వచ్చినట్టు గుర్తు.

కళ్లు తెరిస్తే చీకటి. నల్ల కర్టెన్లు మా ఇంటికీ వచ్చాయిలెండి. పక్కన దుప్పటి కింద చిన్ని ముసుగుతన్ని పడుకుంది. గోడ గడియారం ముల్లు పచ్చగా మెరుస్తూ తొమ్మిదీ పదిహేను చూపిస్తోంది. కాల్! మునివేళ్ల మీద తలుపు దాకా వెళ్లి హ్యాండిల్ తిప్పాను. రాలేదు. బయట గడియ పెట్టి ఉంది.

గట్టిగా తలుపు కొడితే పిల్ల లేస్తుంది. లేస్తే పదకొండు దాకా మళ్లీ పడుకోదు. అందుకని వేలితో మెల్లిగా టకటకలాడించాను. హాల్లోంచి సీరియల్ సౌండ్ వినిపిస్తోంది. అది వినపడకూడదని ఆ నిమిషంలో నాకు తట్టలేదు. గోడకి అవతలి గదిలో మా ఆవిడ తన ఆఫీస్ పని చేసుకుంటోంది. గోడ మీద తట్టాను. కాసేపు ఆగి మళ్లీ తట్టాను.

అవతల ఏం జరిగిందో తర్వాత తెలిసింది. చిన్ని లేచి గోడ తన్నుతోందనుకుంది. ఫోన్‌లో మూడు నిమిషాల టైమర్ పెట్టింది. నేను మళ్లీ తట్టాను. ఐదు పెట్టింది. మళ్లీ తట్టేసరికి పది పెట్టి, నాకు మెసేజ్ కూడా పంపింది. "మీరు హాల్లోంచి కదలకండి. మనం మెత్తబడితే అది నెత్తికెక్కుతుంది."

పది నిమిషాలు గడిచేసరికి నాకు వేరే అవసరం కూడా మొదలైంది. బాత్రూమ్ బయట ఉంది. ఇక పిల్ల లేస్తే లేచిందని దుప్పటి తీశాను. దిండు. దిండు పక్కన బొమ్మ. బొమ్మకి నా రుమాలు కప్పి ఉంది.

అప్పుడు అరిచాను. నాలుగో అంతస్తు దాకా వినిపించిందట.

తలుపు తీసింది అమ్మ. వెనకాల హాల్లో తాతయ్య ఒళ్లో చిన్ని, చేతిలో జంతిక. "నువ్వే పంపావనుకున్నాన్రా" అంది అమ్మ. "ఎలాగూ పిల్ల మేలుకునే ఉంది కదా అని సౌండ్ పెట్టుకున్నాను. పది రోజులకి ఈవేళ కథ అర్థమైంది." పక్క గదిలోంచి మా ఆవిడ చేతిలో టైమర్‌తో వచ్చి చిన్నిని చూసింది, నన్ను చూసింది, ఫోన్‌లో ఇంకా మిగిలిన నిమిషంన్నరని చూసింది.

"తలుపు గడియ ఎవరు పెట్టారు?" అన్నాను బాత్రూమ్ వైపు నడుస్తూనే.

చిన్ని జంతిక పక్కన పెట్టి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ష్. నాన్న బజ్జున్నాడు."