కృతజ్ఞతల పద్దు

మా బావగారు ఖజానా శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందినవారు. వచ్చిన ప్రతి బిల్లులోనూ ఏదో ఒక లోపం వెతికి, ఎర్ర సిరాతో అభ్యంతరం రాసి వెనక్కి పంపడం ఉద్యోగధర్మంగా మొదలై, కాలక్రమాన రక్తంలో కలిసిపోయి, ఇప్పుడు సృష్టిలో దేని మీదనైనా సరే అభ్యంతరం చెప్పనిదే ఆయనకు అన్నం సయించదు. వాన పడితే రొంప పడుతుందంటారు. పడకపోతే బోరు ఎండుతుందంటారు. అదను చూసుకుని, కావలసినంతే పడి ఆగిపోతే, "ఇది నిలిచే యోగం కాదు" అని ఆకాశం వంక అనుమానంగా చూస్తారు. ఇంతటి నిరాశావాదికి బి.పి. లేదు, షుగరు లేదు; రాత్రి తలగడ మీద తల ఆనించిన మరుక్షణం నుంచి గురక. ఆ అపార్ట్‌మెంటులో నిద్రమాత్రలు వేసుకునేవారందరూ, నాకు తెలిసినంతవరకు, ఆశావాదులే.

అటువంటి మనిషిని మార్చాలన్న బుద్ధి డాలస్‌లో ఉన్న మా మేనల్లుడికి పుట్టింది. ఒకనాడు వీడియో కాల్‌లో మనవడు తాను వేసిన విమానం బొమ్మను మురిపెంగా చూపిస్తే, తాతగారు కళ్ళజోడు సర్దుకుని నిదానంగా పరిశీలించి, "ఒక రెక్క పొట్టిగా ఉంది, ఎక్కినవాళ్ళ గతేమిటి నాన్నా?" అని అడిగారు. పిల్లవాడు ఏడుపు లంకించుకున్నాడు. కొడుకు ఫోను అందుకుని, "నాన్నగారూ, మీరు కాస్త పాజిటివ్‌గా ఆలోచించడం నేర్చుకోవాలి, అందుకు మంచి పుస్తకాలున్నాయి, చదవండి" అని గట్టిగానే చెప్పాడు. అమెరికా నుంచి వచ్చిన సలహా గనుక బావగారు కాదనలేకపోయారు. కానీ సంతోషం కోసం కొత్త పుస్తకాలు కొనడం ప్రజాధన దుర్వినియోగమన్నంతగా మనసు పీకి, ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని ఆబిడ్స్‌కు బయలుదేరారు.

ఆదివారం దుకాణాలు మూసి ఉన్న వేళ ఆబిడ్స్ కాలిబాటల మీద పరిచే పాత పుస్తకాలలో పోటీ పరీక్షల గైడ్ల తరువాత అత్యధికంగా కనిపించేవి మనిషిని బాగుచేసే పుస్తకాలే. 'తులసిదళం'తో ఒక తరం తెలుగువాళ్ళను దీపం ఆర్పకుండా పడుకునేలా చేసిన యండమూరి వీరేంద్రనాథ్ గారు, ఇంద్రజాలికుడిగా పేరు పొందిన బి.వి. పట్టాభిరాం గారు వ్యక్తిత్వ వికాసం మీద రాసిన పుస్తకాలు అక్కడ పక్కపక్కనే ఉన్నాయి. భయపెట్టడం తెలిసినవాడికే ధైర్యం చెప్పడం కూడా తెలుస్తుందని బావగారు మొదటిసారి ఒక అనుకూలమైన మాట అన్నారు. ఆ తరువాత పుస్తకాలను ఒక్కొక్కటిగా తనిఖీ చేయడం మొదలుపెట్టారు. ఏ పుస్తకం తెరిచినా మొదటి అధ్యాయంలో ప్రతి వాక్యం కింద గీత ఉంది, రెండో అధ్యాయంలో పేజీకి ఒకటి రెండు గీతలున్నాయి, ముప్పయ్యో పేజీ దాటాక కాగితం పెళ్ళికూతురి చీరలా మడత నలగకుండా ఉంది. ఒకదాని లోపలి అట్ట మీద "ప్రియమైన శ్రీవారికి, మన మొదటి పెళ్ళిరోజున" అని నీలి సిరాతో రాసి ఉంది. బావగారు దాన్ని పైకెత్తి, "వీటిని చదివి బాగుపడినవాళ్ళు ఎందుకయ్యా అమ్ముకుంటారు?" అని నిలదీశారు. అమ్మేవాడు బీడీ పక్కన పెట్టి, "బాగుపడ్డరు గాబట్టే అమ్మిన్రు సార్, ఇగ వాటితోటి ఏం పని?" అన్నాడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో తన అభ్యంతరానికి ఇంత సూటి జవాబు విని ఉండరు కాబోలు, బేరం ఆడకుండానే సంచీ నింపారు.

ఇంట్లో మా అక్కయ్య ఆ సంచీని చూసి, "తన సంతోషమె స్వర్గమని సుమతీ శతకకారుడు నాలుగు పాదాల కందంలో చెప్పి ఊరుకున్నాడు, అది చిన్నప్పుడు బడిలో ఉచితంగానే నేర్పారు కదండీ" అంది. అందులో అభ్యాసాల పట్టిక లేదన్నది బావగారి సమాధానం. పుస్తకాలలో ఆయనకు నచ్చినది ఆ పట్టికలే. ఏ అలవాటైనా ఇరవై ఒక్క రోజులు ఆపకుండా చేస్తే స్థిరపడిపోతుందని ఎక్కడో చదివి, పంచాంగం చూసి, వర్జ్యం దాటిన తరువాత ఆనందంగా ఉండడం ప్రారంభించారు.

మనస్తత్వశాస్త్రంలో ఎం.ఏ. చదువుతున్న మా అమ్మాయి ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. "మామయ్యా, ఆ ఇరవై ఒక్క రోజుల లెక్క అలవాట్ల గురించినది కాదు. మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ ముఖానికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకు తమ కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం అన్ని రోజులు పడుతోందని గమనించి 1960లో తన పుస్తకంలో రాశాడు. తరువాతివాళ్ళు 'కనీసం' అన్న మాటను మింగేశారు" అని చెప్పింది. బావగారు ముక్కు తడుముకుని, తన ముఖం తనకు ఎప్పుడో అలవాటైపోయిందని, అయినా దానివల్ల ఆనందమేమీ కలగలేదని వాపోయారు. అమ్మాయి అక్కడితో ఆగక, లండన్ యూనివర్సిటీ కాలేజీవారు 96 మందిని పరిశీలించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో అలవాటు కుదరడానికి సగటున 66 రోజులు పట్టిందని, మనిషినిబట్టి, పనినిబట్టి 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని అంచనా కట్టారని చెప్పింది. నేను బావగారు నీరుగారిపోతారనుకున్నాను. ఆయన కళ్ళు వెలిగాయి. "రెండు వందల యాభై నాలుగు! అదీ నమ్మదగిన లెక్క అంటే! ఇరవై ఒక్క రోజుల్లో అయిపోతుందంటే అప్పుడే నాకు అనుమానం వచ్చింది" అని క్యాలెండర్ తెచ్చి, వచ్చే సంవత్సరం ఏ తేదీకి తాను సంతోషవంతుడవుతాడో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నారు.

ఇక అభ్యాసాలు. పెన్నును అడ్డంగా పళ్ళ మధ్య పట్టుకుంటే ముఖ కండరాలు నవ్వు ఆకారానికి వస్తాయని, వాటిని చూసి మనసు కూడా నవ్వుకు వస్తుందని ఒక పుస్తకం చెప్పింది. ఆయన అలా పట్టుకుని ఉండగా నీళ్ళ క్యాను తెచ్చిన వాచ్‌మన్ తలుపు తట్టాడు. తెరిచిన తలుపు వెనక పళ్ళన్నీ కనబడుతూ, మాట రాక, చేతులతో సైగలు చేస్తున్న అయ్యగారిని చూసి, పక్షవాతమని నిర్ధారించుకుని మెట్లన్నీ దిగుతూ చాటాడు. రెండో అంతస్తులోని రిటైర్డ్ నర్సు గారు బి.పి. మిషనుతో పరుగెత్తుకు రావలసి వచ్చింది. అది సద్దుమణిగాక, ఆ పెన్ను ప్రయోగం 1988 నాటిదని, 2016లో 17 ప్రయోగశాలలవారు కలిసి మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం కనబడలేదని మా అమ్మాయి చెప్పింది. "ఆ ముక్క నేను నోట్లో పెట్టుకోకముందు చెప్పకూడదుటమ్మా?" అన్నారు బావగారు.

ఇందిరా పార్కులో పొద్దున్నే చేతులు పైకెత్తి నవ్వే బృందంలోనూ చేరి చూశారు. ఈ నవ్వుల సంఘాలను 1995లో ముంబయిలోని ఒక పార్కులో మొదలుపెట్టిన డాక్టర్ మదన్ కటారియా తొలుత జోకులు చెప్పించి నవ్వించేవారట. కొద్ది రోజులకే జోకుల నిల్వ అయిపోయి, మిగిలినవి ఎవరో ఒకరిని నొప్పించేవిగా తయారుకావడంతో, అసలు కారణం లేకుండానే నవ్వడం ప్రవేశపెట్టారు. ఖజానా ఉద్యోగికి ఇది మింగుడుపడే పద్ధతి కాదు. కారణం చూపకుండా నవ్వడమంటే వోచరు లేకుండా చెల్లింపు చేయడమేనని చెప్పి, ఆయన చుట్టూ నవ్వుతున్నవారి మధ్య చేతులు కట్టుకుని నిలబడి, వారి నవ్వును కూడా ఆపించి తిరిగివచ్చారు.

నిలిచినది ఒక్కటే: రోజూ పడుకోబోయే ముందు, ఆనాడు కృతజ్ఞత చెప్పదగిన మూడు విషయాలు పుస్తకంలో రాసుకోవడం. ఇది నిజంగా పరిశోధకులు పరీక్షించి, కొంత మేలు ఉందని చెప్పిన అభ్యాసమేనని, అయితే వారానికి ఒకసారి రాయడమే మంచిదన్న వాదన కూడా ఉందని మా అమ్మాయి సణిగినా, ఏనాటి పద్దు ఆనాడు రాయవలసిందేనని బావగారు కొట్టిపారేశారు. మొదట్లో కళ్ళు కనబడుతున్నందుకు, కాళ్ళు నడుస్తున్నందుకు, కాఫీ వేడిగా ఉన్నందుకు కృతజ్ఞతలు సమర్పించారు. అవయవాలన్నీ అయిపోయాక పంచభూతాలు, అవి అయిపోయాక అపార్ట్‌మెంటు. అక్కడే కథ అడ్డం తిరిగింది.

బావగారు ఆ అపార్ట్‌మెంటు సంఘానికి సంయుక్త కార్యదర్శి. సంఘం మినిట్స్ పుస్తకమూ కృతజ్ఞతల పుస్తకమూ ఒకే దుకాణంలో ఒకే రోజు కొన్నవి; రెండింటికీ ఎర్ర గుడ్డ అతికించిన వీపు, నీలం అట్ట. సమావేశం రోజున బావగారు తాము జీవించి ఉన్నట్టు పెన్షన్ వారికి ధ్రువపత్రం ఇవ్వడానికి వెళ్ళి ఇంకా రాలేదు. వాచ్‌మన్ వచ్చి "మినిట్స్ బుక్కంట అమ్మా" అంటే, మా అక్కయ్య పైనున్న పుస్తకం తీసి ఇచ్చింది. ఆ సాయంత్రం నేను వాళ్ళింట్లోనే ఉండడం వల్ల, సెల్లార్‌లో ప్లాస్టిక్ కుర్చీల చివర ప్రేక్షకుడిగా కూర్చునే భాగ్యం కలిగింది.

గత సమావేశపు కార్యకలాపాలు చదవవలసిందిగా అధ్యక్షుల వారు కింది అంతస్తులోని రిటైర్డ్ తెలుగు మాస్టారిని కోరారు. ఆయన ఏ కాగితం ఇచ్చినా మొదటినుంచి చివరిదాకా, అర్థం కోసం ఆగకుండా, ఉచ్చారణ కోసమే చదివే మనిషి. "లిఫ్టు పనిచేసినది. కృతజ్ఞతలు. మంజీరా నీరు చెప్పిన వేళకే వచ్చినది. కృతజ్ఞతలు" అని గంభీరంగా ప్రారంభించారు. ఈ ధోరణి మునుపటి కంటే బాగుందని, సంఘం పట్ల సభ్యులకు ఇంత గౌరవం ఉన్నట్టు తనకు ఇన్నాళ్ళూ తెలియదని అధ్యక్షులు ఆనందించారు. మాస్టారు పేజీ తిప్పారు.

"మూడో అంతస్తు వారి కుమారుడు ఈ దినము వయొలిన్ వాయించలేదు. భగవంతునికి కృతజ్ఞతలు." మూడో అంతస్తు ఆయన లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా పైకి వెళ్ళిపోయారు. "ఎదుటి ఫ్లాటు వారు పంపిన పులిహోరలో ఉప్పు లేదు. ఆరోగ్యమునకు మేలు. కృతజ్ఞతలు." ఎదుటి ఫ్లాటావిడ, "మరి గిన్నె తిరిగి ఇస్తూ అమృతంలా ఉందన్నారే!" అని మా అక్కయ్య ఉన్న అంతస్తు వైపు తల ఎత్తింది. "కోశాధికారి ఈ నెల కూడా లెక్కలు చూపలేదు. ప్రపంచములో కొన్ని మారవన్న భరోసా కలిగినది. కృతజ్ఞతలు." కోశాధికారి అభ్యంతరం చెప్పబోయారు గాని, అది నిజమేనన్న గొణుగుడు నాలుగు కుర్చీలలోంచి వినిపించింది, ఏడాదిగా అందరి మనసులోనూ ఉన్న మాట మినిట్స్‌లోకి ఎక్కేసరికి ధైర్యం వచ్చిన అధ్యక్షులు, వారం రోజుల్లో లెక్కలు పెట్టాలని అక్కడికక్కడే ఆదేశించారు. మాస్టారు ఇవేవీ పట్టించుకోకుండా, గొంతు సవరించుకుని, "కింది అంతస్తు మాస్టారు నేడు మెట్ల వద్ద తమ పద్యము వినిపించలేదు. కృతజ్ఞతలు" అని రాగయుక్తంగా చదివి, "'వినిపింపలేదు' అని ఉండవలసింది" అని దిద్దారు. తరువాత ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఆ వాక్యాన్ని మళ్ళీ మౌనంగా చదువుకున్నారు.

సరిగ్గా ఆ సమయానికి బావగారు చేతిలో ధ్రువపత్రం రసీదుతో సెల్లార్ మెట్ల మీదికి వచ్చారు. అందరి తలలూ అటు తిరిగాయి. ఆయన మాస్టారి చేతిలోని పుస్తకాన్ని చూశారు, అధ్యక్షుల ముఖం చూశారు, కుర్చీల వరుసను చూశారు. మరొకరైతే క్షమాపణ చెప్పేవారు. బావగారి పెదవులు కదులుతున్నాయి. ఏదో లెక్క పెడుతున్నారు.

"ఇరవై నాలుగు ఫ్లాట్లకు మూడో వంతు, అంటే ఎనిమిది మంది ఉంటేనే కోరం. మా బావమరిదినీ వాచ్‌మన్‌నూ తీసేస్తే ఇక్కడున్నది ఏడుగురు. ఎవరైనా మధ్యలో లేచి వెళ్ళారా?"

మూడో అంతస్తు ఆయన వయొలిన్ దగ్గర వెళ్ళిపోయారని ఎవరో చెప్పారు.

"అయితే వయొలిన్ తరువాత చదివినది ఏదీ చదివినట్టు కాదు, చేసిన తీర్మానం ఏదీ తీర్మానం కాదు."

"మీరు వచ్చారు కదండీ, ఎనిమిది అయింది కదా?" అన్నారు అధ్యక్షులు, ఆశగా.

"నేనింకా సభలోకి రాలేదు, మెట్ల మీదే ఉన్నాను" అన్నారు బావగారు. కుడికాలు ఒక మెట్టు వెనక్కి కూడా తీసుకున్నారు.

నియమావళి తెప్పించారు, అందులో మెట్లు సెల్లార్‌లో భాగమా కాదా అన్నది లేదు. దోమలు తిరుగుబాటు చేసేదాకా వాదన సాగింది. ఇన్నాళ్ళలో ఎన్నడూ చూడనంత ఉత్సాహంగా, చెయ్యి ఊపుతూ, నియమం వెనక నియమం ఉటంకిస్తూ బావగారు ఆ మెట్టు మీదే నిలబడి గెలిచారు. సమావేశం రద్దయింది.

రాత్రి తొమ్మిదింటికి తలుపు చప్పుడైతే తీశాను. కోశాధికారి గారు, చేతిలో మైసూర్‌పాక్ డబ్బా. లెక్కల ఆదేశం కూడా రద్దయిపోయినందుకు ఆయన ముఖం కళకళలాడుతోంది. "తమరు లేకపోతే ఈ సంఘంలో పద్ధతనేదే ఉండదండీ, చాలా కృతజ్ఞతలు" అని డబ్బా బావగారి చేతిలో పెట్టి, రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయారు. బావగారు డబ్బాను దీపం కిందికి తీసుకువెళ్ళి అటూ ఇటూ తిప్పి చూశారు.

"తయారుచేసిన తేదీ కనబడకుండా ధర స్టిక్కరు అంటించారోయ్, చూశావా?" అని, కళ్ళజోడు తెమ్మని మా అక్కయ్యను కేకేశారు.