నా గొంతుకు ఇన్ని తాళాలా?

విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మద్దతు ముగిసింది కనుక కొత్త కంప్యూటర్ కొన్నాను. కానీ మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్‌ను, అదీ డబ్బు చెల్లించి కొన్నదాన్ని, అందులోకి తెచ్చుకోవడానికి మూడు రోజులు పట్టడం ఏం న్యాయం? మణికట్టు నొప్పితో టైపు చేయలేని నాకు అది సౌకర్యం కాదు, జీవనాధారం. పాత యంత్రంలో లైసెన్సును ముందుగా విడిపిస్తేనే కొత్తదానిలో చెల్లుతుందని ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్లు అన్నారు. మరి ఆ పాత యంత్రం అసలు తెరుచుకోకపోతే ఏం చేయాలి? ఫోన్ చేస్తే రసీదు అడిగారు, సీరియల్ నంబరు అడిగారు, మరునాడు మళ్లీ మొదటి నుంచి అడిగారు.

అంతకన్నా బాధించినది ప్రొఫైలు, అంటే నా గొంతు గురించి ఆ సాఫ్ట్‌వేర్ దాచుకున్న సమాచారం, సంగతి. నా ఉచ్చారణకు సాఫ్ట్‌వేర్ అలవాటుపడిన తీరు, ఇంగ్లిషులో డిక్టేట్ చేస్తూ ఒక్కొక్కటిగా నేర్పిన రాజమహేంద్రవరం, వేంకటేశ్వర్లు వంటి పేర్లు, ఏళ్ల తరబడి చేసిన దిద్దుబాట్లు అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఫోల్డరును ఊరికే కాపీ చేస్తే చాలదు, పద్ధతి ప్రకారం ఎక్స్‌పోర్టు చేయాలి; కొత్త వెర్షనుకు ఒకసారి మార్చిన ప్రొఫైలును పాత వెర్షను తెరవదు. ఈ మాటను ఇన్‌స్టాల్ చేయకముందే తెరపై పెద్ద అక్షరాలతో ఎందుకు చెప్పరు? నేను నేర్పిన మాటలు నావి కావా?