ముందు రాయి, తర్వాతే నీళ్లు

మా ఊరికి ఆర్చి వస్తాంది. ముప్పై అడుగుల ఎత్తు, రెండు పక్కలా తొండమెత్తిన ఏనుగులు, వచ్చేటప్పుడు చూస్తే "స్వాగతం", పోయేటప్పుడు చూస్తే "మళ్లీ రండి". గ్రామసభలో ఒక్కరు కూడా అడ్డం చెప్పలేదు. తాగునీళ్ల పైపులైను కూడా లిస్టులో ఉందిలే, రెండో నంబరు. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టినారు కదా, ఆ రోజు కూడా అది రెండో నంబరే, అంతకుముందు సర్పంచి ఉన్నప్పుడూ రెండో నంబరే. ఒకటో నంబరు మాత్రం మారుతా ఉంటాది, ఒకసారి రచ్చబండకు గ్రానైటు, ఒకసారి ఆఫీసుకు రంగులు, ఇప్పుడు ఆర్చి. పైపులైనును మూడుకు దించిన పాపం మాత్రం మావాళ్లు ఎప్పుడూ మూటగట్టుకోలేదు, అది ఒప్పుకోవాల.

కడపలో చదువుకునే మా తమ్ముని కొడుకు ఇది విని ఒకటే నవ్వు. "నీళ్లు లేని ఇంటికి తలవాకిలి ఎందుకు పెదనాయనా" అంటాడు. వానికి డిగ్రీ ఉంది గానీ పరిపాలన తెలీదు. వాని మాదిరోళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారో అని ఇది రాస్తాండా.

పైపును మూడడుగుల లోతులో పూడుస్తారు. వేసిన రోజు ఒక జేసీబీ, నాలుగు మట్టికుప్పలు, అంతే సంబరం. దానిమీద పేరు రాయలేరు, రంగెయ్యలేరు, దానిముందర నిలబడి ఫోటో దిగలేరు. అది కనపడేది పగిలినప్పుడే, అప్పుడు మాత్రం వేసినోళ్ల పేరు ఊరంతా గుర్తొస్తాది, వాళ్ల అమ్మానాయన పేర్లతో సహా. ఇంత నష్టం ఉన్న పనిని బుద్ధి ఉన్నోడు ఎవడైనా ముందర పెట్టుకుంటాడా? ఆర్చి అట్లా కాదు. బస్సు దానికిందనే పోవాల, పెండ్లి ఊరేగింపు దానికిందనే పోవాల, ఆఖరికి పాడె కూడా దానికిందనే పోతాది, ప్రతి ఒక్కడూ తలెత్తి పేర్లు చదవాల్సిందే. ఫ్లెక్సీలు కట్టుకోను రెండు స్తంభాలు ఊరికే దొరికినట్టు.

చట్టం సంగతి కూడా చూసుకోకుండా ఏమీ చెయ్యలేదు. 1992లో 73వ సవరణ చేసి రాజ్యాంగంలో పదకొండో షెడ్యూలని ఒకటి పెట్టినారు, పంచాయతీలకు అప్పజెప్పదగ్గ పనులు 29 రాసినారు అందులో. తాగునీళ్లు ఉన్నాయి, రోడ్లు కల్వర్టులు ఉన్నాయి, చేపలు కూడా ఉన్నాయి (మా చెరువులో ఈతకాయ మునిగేంత నీళ్లు లేవు, చేపలంట). ఆర్చి లేదు. మా సెక్రటరీ ఒక రాత్రంతా నిద్రపోలేదు పాపం, తెల్లారి నవ్వుతా వచ్చినాడు, "సాంస్కృతిక కార్యకలాపాలు" అని ఒక లైను ఉందంట. ఏనుగులు సంస్కృతి కాకపోతే ఇంకేంది?

పంచాయతీలకు కేంద్రం డబ్బు ఎట్ల ఇయ్యాలో చెప్పే 15వ ఆర్థిక సంఘం వాళ్లు మాత్రం ఉత్త అనుమానం మనుషులు. గ్రాంటులో వందకు 60 రూపాయలు ముందే ముడేసి పెట్టినారు, 30 తాగునీళ్లకు, 30 పారిశుధ్యానికి, మిగిలిన 40 మాత్రమే మన ఇష్టం. ముడేసినా మేం ఆగలేదు. నీళ్ల పద్దులో ఓవర్‌హెడ్ ట్యాంకుకు రంగు కొట్టించినాం, దాని నిచ్చెన మార్చినాం, మోటరు రెండుసార్లు రీవైండింగ్ చేయించినాం. ఇప్పుడు చుట్టాలొస్తే మేడెక్కించి చూపిస్తాం, అంత బాగుంటాది. రంగంటే చిన్న విషయం అనుకోకండి, పంచాయతీ ఆఫీసులకు పార్టీ రంగులేసిన పంచాయితీ 2020లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మా కొళాయి పంచాయితీ మండలాఫీసు మెట్లు కూడా దాటలేదు. ఏది పెద్ద విషయమో మీరే చూడండి.

అసలు ఈ రెండో నంబరు గొడవకంతా కారణం మా పక్కనున్న పోరుమామిళ్ల చెరువు. 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు తవ్వించినాడు, దినానికి వెయ్యిమంది కూలోళ్లు, వంద బండ్లు, రెండేండ్లు. అంతా అయినాక భైరవుని గుడి ముందర శాసనం రాయి పాతించినాడు. చేసిన పొరపాటు ఇక్కడే. ముందు రాయి పాతి, టెంకాయ కొట్టి, ఫోటోలు దిగి, తర్వాత చెరువు సంగతి చూసుకోవాల గానీ ఇదేం పద్ధతి? మా ఊళ్లో చూడండి, శిలాఫలకాలు ఐదుండాయి, దేనెనకాలా పని లేదు, ఎంత నీటుగా ఉంటాదో. ఒకదానికి మా బర్రెను కట్టేస్తాం.

ఆ శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు అని లెక్కలేసి చెప్పినాడు. నీటిశాస్త్రం తెలిసినోడు ఉండాల, నేల గట్టిగుండాల, పని తెలిసిన మనుషులుండాల అని. మా ఆర్చికి ఇవేమీ అక్కర్లేదు, కాంట్రాక్టరు బామ్మర్ది ఉంటే చాలు. దోషాల్లో ఒకటి మాత్రం చదివి నాకు ఒళ్లు జలదరించింది. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండకూడదంట. ఆరొందల యాభై ఏండ్ల కిందట మా మురిక్కాలువ గురించి ఆయనకెట్ల తెలిసిందబ్బా! ఆ కాలువ సరిగ్గా మా పంచాయతీ అయిపోయి పక్క పంచాయతీ మొదలయ్యేచోట ఉంటాది. మేం పూడిక తీసి అవతలి గట్టున పోస్తాం, వాళ్లు తీసి ఇవతలి గట్టున పోస్తారు, వానొస్తే మొత్తం మళ్లీ కాలవలోకే. దోమలు మాత్రం రెండు ఊర్లకూ సమానంగా పంచుకుంటాం, ఆ విషయంలో ఒక్క పేచీ రాలేదు.

గ్రామసభలో ఒక్క మాట మాత్రం వినపడింది. ఎనకాల బిందె బోర్లించి దానిమీద కూర్చున్న జేజి ఒకామె లేసి, "నాయనా, ఆ ఏనుగుల తొండాల్లోంచి నీళ్లొచ్చేతట్టు కట్టించండి" అనింది. అందరూ నవ్వినారు. సెక్రటరీ మాత్రం మినిట్స్ బుక్కులో "పరిశీలించబడును" అని రాసుకున్నాడు.

పునాది పడింది. కాంక్రీటు ఎండిపోకుండా దినామూ నీళ్లు కొట్టాల కదా, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ట్యాంకర్లు వస్తాండాయి. స్తంభాలకు గోనెపట్టలు చుట్టి పైపుతో తడుపుతాంటే కిందనే ఆడోళ్లు బిందెలు పెడతారు, మేస్త్రీ మంచోడు, రెండు నిమిషాలు స్తంభానికి, పది నిమిషాలు బిందెలకు. కడపలో ఉండే పిల్లోనికి ఫోన్ చేసి చెప్పినా, చూసినావా రా, ఆర్చి మొదలుపెట్టిన వారానికే ఊళ్లోకి నీళ్లొచ్చినాయి అని. వాడు ఏం మాట్లాడలేదు.

ఆర్చికి ఇంకా ఇరవై దినాలు తడపాలంట. ఆ తర్వాత ట్యాంకర్ రాదు. అందుకని ఊరికి అవతలిపక్క ఇంకో ఆర్చి కావాలని అర్జీ తయారైంది, మా ఇంటామె సంతకం మొదట్లోనే ఉంది.