సవరణ: బాలనెరుపుకి పెప్టైడ్ సీరమ్ గురించి

మొన్నటి పోస్టులో నెరిసిన జుట్టుకి అసిటైల్ టెట్రాపెప్టైడ్-3 అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) ఉన్న సీరమ్ చూసుకోమని, మూడు నెలల్లో తెల్లవెంట్రుకలు నల్లబడతాయని రాశాను. రెండూ తప్పే. అది జుట్టు రాలడానికి వాడేది. నెరుపు కోసం అమ్మే సీరమ్‌లలో కనిపించేది పామిటాయిల్ టెట్రాపెప్టైడ్-20. సీసా వెనక చిన్న అక్షరాల్లో పేరు చివర 20 ఉందో లేదో చూడండి, కొనేసినవాళ్లకి నిజంగా సారీ.

ఈ 20 నంబరు పెప్టైడ్, జుట్టుకి రంగునిచ్చే మెలనిన్ తయారు చేయమని కణాలకు సంకేతమిచ్చే ఆల్ఫా-ఎంఎస్‌హెచ్ అనే హార్మోన్‌ను అనుకరిస్తుంది, కానీ ఆ రంగు వెంట్రుక కుదురులోనే ఎక్కాలి, బయటికొచ్చిన వెంట్రుక నిర్జీవం కాబట్టి ఏం పూసినా మళ్లీ దానిలో మెలనిన్ పుట్టదు. పనిచేసినా తేడా కనిపించేది కొత్తగా వచ్చే మొదళ్లలోనే, అదీ నెలకి సుమారు ఒక సెంటీమీటరు చొప్పున. కుదుట్లో రంగు కణాలే అయిపోతే సంకేతం అందుకునేదెవరు? పైగా దీనికి గట్టి, స్వతంత్ర ట్రయల్స్ ఆధారం లేదు.

ఇంకోటి, మన దగ్గర 25 ఏళ్లలోపే నెరిస్తే ముందు బి12, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వలు), థైరాయిడ్ టెస్టులు చేయించుకోండి. ఆ మాట మొదటే రాయాల్సింది. బి12 లోపం వల్ల నెరిసినవాళ్లలో కొందరికి, అది సరిచేశాక రంగు తిరిగొచ్చింది కూడా.