అన్నగారి జాతీయ దృక్పథం: ఒక పరిశీలన

మా అన్నకు, అదే మా నాయకుడికి, దేశ సమస్యల మీద స్థిరమైన అభిప్రాయం లేదని తిరుపతిలో కొందరు గిట్టనివాళ్లు చెప్పుకుంటున్నారు. పచ్చి అబద్ధం. ఒక్కో సమస్య మీద ఆయనకు తక్కువలో తక్కువ మూడు స్థిరమైన అభిప్రాయాలున్నాయి. ఒక్కదానితోనే అయిదేళ్లు నెట్టుకొచ్చే నిరుపేద నాయకుల పక్కన ఆయన కలవారి బిడ్డ. పేరు రాయను, అవసరమూ లేదు. రేణిగుంట రోడ్డులో ఏ ఫ్లెక్సీ దగ్గర తలెత్తినా నమస్కారం పెడుతూ కనిపించేది ఆయనే.

మన తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మొదటిరోజు నామంకొమ్ము పూసుకుని బైరాగి అవుతాం, మరునాడు కుంకుమ పూసుకుని బండ వేషం, ఆపైన బొగ్గు పూసుకుని తోటి వేషం. నిన్న తెల్లగా ఉన్నావు, ఇవాళ నల్లగా ఎందుకున్నావని ఎవరైనా నిలదీస్తారా? (ఆ వారం తిట్టినా మొక్కు కిందే జమ, అది వేరే సంగతి.) అన్న చేసిందల్లా ఆ ఆచారాన్ని మే నెల దగ్గర ఆపకుండా ఏడాది పొడుగునా కాపాడటం.

భాష విషయం చూడండి. కొత్త జాతీయ విద్యా విధానం 2020లో మూడు భాషలంది. నగరి వైపు ఒక సభలో అన్న చక్కటి తమిళంలో, హిందీని రుద్దితే ఊరుకోమని గర్జించాడు. సరిహద్దు జిల్లా మనిషికి తమిళం రావడం వింతేమీ కాదు, చప్పట్లు కూడా బాగానే పడ్డాయి. సాయంత్రం రేణిగుంట విమానాశ్రయంలో ఢిల్లీ నుంచి మంత్రిగారు దిగారు. "ఆయియే సాబ్, ఆయియే, దర్శన్ ఫుల్ అరేంజ్" అంటూ అన్న ముందుకురికాడు. పొద్దున హిందీని మన మీద రుద్దకూడదన్న మనిషి సాయంత్రానికి హిందీనే నేలకేసి రుద్దాడు. నేను మాత్రం మంత్రిగారికి కప్పిన శాలువానే చూస్తూ ఉండిపోయాను. అంచు మీద చిన్న టీ మరక. అదే మరకతో అదే శాలువాను అంతకుముందు రెండు పార్టీల పెద్దల భుజాల మీద చూశాను. మంత్రిగారు దాన్ని పీఏకి ఇస్తారు, పీఏ కారులో వదిలేస్తాడు, ఆ కారు మా అన్నగారిది. మన దేశంలో ఇంతకంటే నిలకడగా అమలవుతున్న విధానం ఇంకొకటి నాకు తెలియదు.

ప్రత్యేక హోదా గురించి క్లుప్తంగా ముగిస్తాను, ఎందుకంటే అన్న కూడా అలాగే ముగించాడు. 2014 ఏప్రిల్ 30న ఇక్కడే, ఎస్వీ యూనివర్సిటీ స్టేడియంలో నరేంద్ర మోదీ సభ జరిగినప్పుడు హోదా మనకు సంజీవని. 2016 సెప్టెంబరులో కేంద్రం హోదాకు బదులు ప్యాకేజీ అన్నప్పుడు, సంజీవని వాడితే సైడ్ ఎఫెక్టులుంటాయి. పార్టీ మారాక మళ్లీ సంజీవని. మాట మార్చలేదని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తానని ప్రెస్‌మీట్‌లో సవాలు కూడా విసిరాడు. ఆ సవాలు ఇంకా దారిలోని చంద్రగిరి దాటలేదు.

మామిడి దగ్గర మాత్రం కొంచెంసేపు ఆగాలి. 2020లో సాగు చట్టాలొచ్చినప్పుడు, రైతు తన పంటను దేశంలో ఎక్కడైనా అమ్ముకోవాలి, సరిహద్దులేమిటని అన్న ట్రాక్టరెక్కి ఊరేగాడు. మరుసటేడు నవంబరులో చట్టాలు రద్దయ్యాయి. రైతు గెలిచాడని అదే ట్రాక్టర్ మీద మిఠాయిలు పంచాడు. డ్రైవరూ మారలేదు. 2025 జూన్‌లో మన జిల్లాలో తోతాపురి మామిడి ధర పడిపోయింది. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలివ్వాలి, ప్రభుత్వం 4 కలుపుతుంది అన్నారు. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి, లోడు అడుగున కాయలు మెత్తబడి రసం రోడ్డు మీద కారింది. కర్ణాటక తోతాపురి రాకుండా అధికారులు నిషేధం పెట్టారు, అక్కడి ముఖ్యమంత్రి ఇక్కడికి ఉత్తరం రాశారు. అన్న పలమనేరు దాటి సరిహద్దు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "దేశమంతా ఒకే మార్కెట్ అన్నావు కదన్నా?" అని అడిగాను. "దేశం ఈడికే సామీ," అన్నాడు, కుర్చీ కాలు దగ్గర చెప్పుతో గీత గీసి.

జమిలి ఎన్నికల మీద మాజీ రాష్ట్రపతి కోవింద్ కమిటీ 18,626 పేజీల నివేదిక ఇచ్చింది. చదివావా అంటే, బరువు తెలుసన్నాడు. ఆయన అనుచరుల అనుమానం వేరు: లోక్‌సభ, అసెంబ్లీ రెండు ఎన్నికలూ ఒకేరోజు పెడితే డబ్బు పంపకం ఒకసారా, రెండుసార్లా? అన్ని పేజీల్లో కమిటీ ఈ ఒక్కటీ తేల్చకపోవడం విచారకరం.

జనాభా సంగతికొస్తే, ఇద్దరు ముద్దు అన్న రోజుల్లో కుటుంబ నియంత్రణ శిబిరాలకు రిబ్బన్ కత్తిరించింది ఆయనే. ఇప్పుడు పిల్లల్ని కనండి, లేకుంటే దక్షిణాదికి సీట్లు తగ్గుతాయంటున్నదీ ఆయనే. ముగ్గురు పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదన్న 1994 నాటి నిబంధనను 2024 నవంబరులో అసెంబ్లీ ఎత్తేసింది. వార్డు పదవి కోసం మూడో బిడ్డను తమ్ముడి రేషన్ కార్డులో రాయించిన మా వీధి కార్యకర్త, ఆ బిడ్డను మళ్లీ తన కార్డులోకి తెచ్చుకోవడానికి సచివాలయం చుట్టూ తిరుగుతున్నాడు. తమ్ముడు ఇవ్వనంటున్నాడట, బియ్యం తగ్గుతాయని.

నియోజకవర్గాల పునర్విభజన మీద అన్న వైఖరి తెలుసుకుందామని మొన్న పొద్దున్నే ఇంటికి వెళ్లాను. హాలు నిండా తిరుమల దర్శనానికి సిఫార్సు లేఖల కోసం వచ్చిన జనం. అన్న లెటర్‌ప్యాడ్ ముందేసుకుని సంతకాలు పెడుతున్నాడు. జనాభా లెక్కన లోక్‌సభ సీట్లు పెంచితే దక్షిణాదికి ద్రోహమన్నాడు. అసెంబ్లీ సీట్లను 175 నుంచి 225కు పెంచుకోవచ్చని విభజన చట్టంలో ఉంది కదా, దాన్నింకా చేయకపోవడమూ ద్రోహమేనన్నాడు. ఆయన చిన్నబ్బాయి పక్కన నిలబడి టీ తాగుతున్నాడు, ఖద్దరు చొక్కా కొత్తది.

"సరేగానన్నా, లెక్కలన్నీ తేలినాక మనకెన్నొస్తాయి?" అన్నాను.

తలెత్తకుండానే ఇంకో కాగితం చించాడు.

"నాలుగు బ్రేక్ ఇస్తా సామీ. మిగతావాళ్లు మూడొందల టికెట్‌లో పోండి. ఆధార్ నంబర్లు చెప్పు."