నది లేకుండానే సామ్రాజ్యాలు నిలిచాయి

ఫాంటసీ నవల కోసం కొత్త ప్రపంచాన్ని ఊహించుకునేవాళ్లకు ఎక్కడ చూసినా ఒకే సలహా దొరుకుతోంది. మ్యాప్ మీద ముందు పెద్ద నది గీయండి, సామ్రాజ్యాన్ని దాని ఒడ్డునే పెట్టండి. కొండలూ ఎడారులూ సరిహద్దులకే పనికొస్తాయి. గడ్డి మైదానాల్లోని గుర్రపు తెగలు కరువొస్తేనే దండెత్తుతాయి. ఇలా రాయకపోతే పాఠకులు నమ్మరని చెబుతున్నారు. ఈ మూడింటిలో ఏదీ నియమం కాదు. వీటిని నమ్మి కొత్త రచయితలు ఈజిప్టునే పేరు మార్చి మళ్లీ మళ్లీ గీస్తుంటే నాకు బాధగా ఉంది.

నది సంగతి ముందు చూద్దాం. ఈజిప్టుకు నైలు ఉంది, నిజమే. మరి కాకతీయులకు? ఓరుగల్లు పక్కన గోదావరీ పారదు, కృష్ణా పారదు. చుట్టూ రాతి నేల, గుట్టలు, వానాకాలంలో పొంగి వేసవికి ఎండిపోయే వాగులు. వాళ్లు గుట్టకూ గుట్టకూ మధ్య కట్ట పోసి వాననీటిని ఆపారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది.

చెరువు మీద బతికే దేశానికి పాలన కూడా వేరుగా ఉంటుంది. ఊరూరా ఉన్న చెరువులను రాజధానిలో కూర్చుని ఎవరూ చూసుకోలేరు. పూడిక తీయాలి, కట్టకు గండి పడితే వెంటనే పూడ్చాలి, తూము ఎప్పుడు తెరవాలో ఊళ్లోనే తేల్చుకోవాలి. అందుకే చెరువు తవ్వించినవాళ్లకూ బాగుచేయించినవాళ్లకూ దశబంధం అనే మాన్యం కింద భూమి ఇచ్చేవారు. 1213 నాటి రామప్ప గుడిని కట్టించింది కూడా గణపతిదేవుడు కాదు, ఆయన సేనాని రేచర్ల రుద్రుడు. ఇలాంటి సామంతులను కలుపుకుపోవడమే రాజు పని. దివిసీమను గెలిచాక గణపతిదేవుడు అక్కడి పాలక వంశపు ఆడపడుచులు నారమ్మ, పేరమ్మలను పెళ్లాడి, వాళ్ల తోబుట్టువు జాయపకు తన కొలువులో పెద్ద పదవి ఇచ్చాడు. ఆ తర్వాత రుద్రమదేవి మీద కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు తిరగబడ్డాడు. ఒక నవలకు సరిపడా కథ ఇక్కడే ఉంది. నేలనూ వానలనూ చూసి సామ్రాజ్యం పుడుతుందో లేదో చెప్పలేం. పుట్టాక అధికారం ఎవరెవరి చేతుల్లో ఉంటుందో మాత్రం చాలావరకు ఊహించవచ్చు.

కొండలు సరిహద్దులకే అన్న మాటకు దక్షిణ అమెరికాలోని ఇంకాలే జవాబు. వాళ్ల రాజధాని కుస్కో దాదాపు 3,400 మీటర్ల ఎత్తున ఉంది. గుర్రాలు లేవు, చక్రాల బండ్లు లేవు, బరువు మోయడానికి లామాలు, మనుషులే. అయినా 1532లో స్పెయిన్ సైనికులు వచ్చేనాటికి ఆ రాజ్యం ఆండీస్ పొడవునా సుమారు 4,000 కిలోమీటర్లు పరుచుకుని ఉంది. కొండే వాళ్ల బలం. కొద్ది రోజుల నడకలోనే వాతావరణం మారిపోతుంది కాబట్టి కింద మొక్కజొన్న, పైన బంగాళదుంప, ఇంకా పైన లామాల మేత. రాత్రి మంచుకు దుంపలను గడ్డకట్టించి, పగటి ఎండలో ఆరబెట్టి ఏళ్ల తరబడి నిల్వ చేసేవారు. దారుల వెంట గోదాములు నింపి ఉండేవి కనుక సైన్యం తిండి మోసుకుపోవాల్సిన అవసరం తగ్గింది.

ఎడారి గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సహారా నడుమ ఉన్న తగాజా గనుల నుంచి ఒంటెల మీద ఉప్పు దక్షిణానికి వెళ్లేది, అక్కడి నుంచి బంగారం ఉత్తరానికి వచ్చేది. పశ్చిమ ఆఫ్రికాలోని మాలి సామ్రాజ్యం ధనవంతమైంది ఈ దారుల వల్లే. ఎడారిని గోడగా గీసేవాళ్లు ఈ వ్యాపారాన్నంతా వదిలేస్తున్నారు.

ఇక కరువు, గుర్రపు తెగలు. మంగోలియాలోని పాత చెట్ల కాండాల్లో ఏటా ఏర్పడిన వలయాలను చదివిన శాస్త్రవేత్తలకు 1211 నుంచి 1225 వరకు అక్కడ అరుదైన మంచి వానలు కనిపించాయి. చెంఘిజ్ ఖాన్ చైనా మీదికీ మధ్య ఆసియా మీదికీ వెళ్లిన కాలం సరిగ్గా అదే. ఒక్కో సైనికుడు వెంట కొన్ని గుర్రాలు తోలుకెళ్లే సైన్యానికి పచ్చిక కావాలి. వానలే విజయం తెచ్చాయని అనను, కానీ ఆకలే వాళ్లను తరిమిందన్న మాట ఇక్కడ నిలవదు. గట్టి కరువు 1180లు, 1190లలో పడింది. అప్పుడు తెగలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. మీ కథలో గుర్రపు తెగలుంటే, కరువు ఏళ్లను వాళ్ల అంతర్యుద్ధానికి వాడండి, వానలు పడ్డాకే సరిహద్దు దాటించండి.